చల్లని ఇంట్లో పొగ

బస్తరు పల్లెలోని మట్టి ఇల్లు వేసవిలో ఎంతో హాయి. మందపాటి గోడ పగటి వేడిని త్వరగా లోనికి రానీయదు. ముందుకు వంగిన చూరు ఆ గోడను ఎండవానల నుంచి కాపాడుతుంది. మట్టి, వెదురు, కలప చేరువలోనే దొరుకుతాయి.

కాని ఆ చల్లని ఇంట్లో ఒక శత్రువు పొంచి ఉన్నది. అది పొయ్యి పొగ. వండే ఇల్లాలు, ఆమె ఒడిలోని పసిబిడ్డ దానిని గంటల తరబడి పీలుస్తారు. ఇళ్లలోని ఇటువంటి కాలుష్యం 2020లో ప్రపంచమంతటా సుమారు 32 లక్షల మందిని బలిగొన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో 2,37,000 మందికి పైగా అయిదేళ్లు నిండని పిల్లలే!

దీనికి విరుగుడు హైదరాబాదులో ఏనాడో పుట్టింది. అక్కడి ఇంజనీరింగు పరిశోధనశాలకు చెందిన డాక్టర్ ఎస్. పి. రాజు సామాన్యుల ఇళ్లకు పొగలేని వంటగది గురించి 1953లోనే పుస్తకం రాశారు. ఆయన రూపొందించిన మట్టిపొయ్యిలో ఒకే మంట వరుసగా గిన్నెలన్నింటినీ కాచేది. పొగ మాత్రం గొట్టం గుండా కప్పు దాటి పోయేది.

2016లో మొదలైన ఉజ్జ్వల పథకం పేదల ఇళ్లకు గ్యాసు తెచ్చింది. అయినా సిలిండరు ఖాళీ అయిననాడు కట్టెలే గతి. అప్పుడు మూడు జాగ్రత్తలు మేలు చేస్తాయి: బాగా ఎండిన కట్టె, గిన్నెపై మూత, మసి దులిపిన గొట్టం. గొట్టం పూడితే పొగ మళ్లీ గదిలోకే తిరుగుతుంది.

ఇల్లు పచ్చగా ఉండాలంటే కొత్త ఇల్లు కట్టనక్కరలేదు. ముందుగా ఇల్లాలి కంట నీరు ఆరాలి.