రోజూ తిరిగే బైక్‌కి ఏ లగేజ్ పెట్టాలి? టాప్ బాక్సా, శాడిల్ బ్యాగా, భుజం బ్యాగా?

ఇవాళ కొత్త బైక్ రివ్యూ లేదు, మైలేజ్ టెస్ట్ కూడా లేదు. ఉన్న బండి మీదే సామాను ఎలా మోయాలో మాట్లాడుకుందాం. లడఖ్ ట్రిప్‌కి వెళ్లేవాళ్ల కోసం లగేజ్ వీడియోలు బోలెడు ఉన్నాయి. కానీ స్ప్లెండర్, షైన్, ప్లాటినా లాంటి బండి మీద రోజూ ల్యాప్‌టాప్, లంచ్ బాక్స్, రెయిన్ కోట్ పెట్టుకుని వెళ్లి, సాయంత్రం వస్తూ వస్తూ కూరగాయలు తెచ్చేవాళ్లం మనం. ఈ ఎపిసోడ్ మనకోసం.

బ్యాగ్ కొనే ముందు రెండు లెక్కలు చూద్దాం. బీటెక్ వాళ్లు భయపడకండి, ఇందులో సప్లీలు లేవు.

మొదటి లెక్క, బండి ఎంత బరువు మోయగలదు? మాన్యువల్‌లో పేలోడ్ అని ఒక నంబర్ ఉంటుంది. 100 సీసీ బండ్లలో అది సుమారు 130 కిలోల దగ్గర ఉంటుంది. చాలామంది దీన్ని సామాను బరువు అనుకుంటారు. అందులో మనం కూడా ఉన్నాం అండి. మీరు 70 కిలోలు, వెనక కూర్చున్నవాళ్లు 55 కిలోలు అనుకుందాం. 125 అక్కడే అయిపోయింది. మిగిలింది 5 కిలోలు. బాక్స్, దాన్ని బిగించే ఇనప క్యారియర్, లోపల సామాను, మూడూ ఆ 5 కిలోల్లోనే సర్దుకోవాలి. అందుకే షాపులో "ఎన్ని లీటర్లు?" అని అడిగే ముందు మనల్ని మనం అడగాల్సింది ఒకటుంది. నా వెనక రోజూ మనిషి కూర్చుంటారా, లేదా?

రెండో లెక్క, బరువు ఎక్కడ పెడుతున్నాం? చిన్నప్పుడు పార్కులో ఎక్కిన ఊగుడు బల్ల గుర్తుందా? అదే సూత్రం. స్ప్లెండర్‌లో రెండు చక్రాల మధ్య దూరం సుమారు 124 సెంటీమీటర్లు. వెనక చక్రం ఇరుసు కంటే 30 సెంటీమీటర్లు వెనక్కి 10 కిలోల బాక్స్ పెట్టారనుకోండి. 10ని 30తో గుణించి 124తో భాగిస్తే దాదాపు 2.4 వస్తుంది. అంటే ముందు చక్రం మీద 2.4 కిలోలు తగ్గి, వెనక చక్రం మీద 12.4 కిలోలు పడుతుంది. 10 పెడితే 12.4! ముందు చక్రం తేలికైతే స్పీడ్‌లో హ్యాండిల్ వదులుగా, ఊగుతున్నట్టు అనిపిస్తుంది. కాబట్టి రూల్ సింపుల్: బరువైనవి కిందకి, బండి మధ్యకి దగ్గరగా. తేలికైనవి పైన, వెనక.

ఇప్పుడు ఒక్కొక్కటీ చూద్దాం.

భుజం బ్యాగ్. అందరి దగ్గరా ఉండేది ఇదే. అరగంట లోపు ప్రయాణం, ఒక ల్యాప్‌టాప్, ఒక నీళ్ల బాటిల్ అయితే ఇది చాలు. నిజానికి ల్యాప్‌టాప్‌కి ఇదే మంచి చోటు కూడా, ఎందుకంటే రోడ్డు మీద గుంతల దెబ్బని మన ఒళ్లు కొంత తీసుకుంటుంది. ఛాతీ దగ్గర బెల్ట్ ఉన్న బ్యాగ్ తీసుకోండి, లేకపోతే మలుపుల్లో పక్కకి జారుతుంది. తాళం, స్టీల్ టిఫిన్ లాంటి గట్టి వస్తువులు వెన్నెముక వైపు పెట్టొద్దు. కింద పడితే ముందు అవే గుచ్చుకుంటాయి. ఇంకో మాట, ల్యాప్‌టాప్‌ని స్లీప్‌లో పెట్టి బ్యాగ్‌లో పడేయకండి. మధ్యలో మేల్కొంటే గాలి ఆడక వేడెక్కుతుంది. షట్‌డౌన్ చేసి పెట్టండి.

టాప్ బాక్స్. తాళం ఉంటుంది, వానకి తడవదు, బండి ఆపి హెల్మెట్ లోపల పెట్టి వెళ్లిపోవచ్చు. ఒక ఫుల్ ఫేస్ హెల్మెట్‌కి సుమారు 30 లీటర్లు, రెండింటికి 45 లీటర్ల దాకా కావాలి. లీటర్లు చూసి మోసపోకండి, మీ ల్యాప్‌టాప్ పట్టుకెళ్లి లోపల పెట్టి చూడండి. బాక్స్ మూలలు గుండ్రంగా ఉంటే 15.6 అంగుళాల ల్యాప్‌టాప్ పడుకోదు. పట్టినా, కింద ఫోమ్ వేయకుండా పెట్టొద్దు. మరో ముఖ్యమైన విషయం, బాక్స్ లోపలి స్టిక్కర్ చదవండి. కొన్ని చిన్న బాక్సులకి గరిష్ట బరువు 3 కిలోలే అని రాసి ఉంటుంది. బాక్స్ పెద్దగా కనిపిస్తోంది కదా అని 10 కిలోల బియ్యం సంచి పెడితే, బరువంతా పడేది కింద ఉన్న ప్లేటు మీద, బోల్టుల మీద. బాక్స్‌ని నేరుగా పిలియన్ పట్టుకునే హ్యాండిల్‌కి బిగించొద్దు. మీ మోడల్‌కి తయారు చేసిన క్యారియర్ మీదే బిగించండి.

శాడిల్ బ్యాగ్. సీటు మీంచి అటొకటి, ఇటొకటి వేలాడే బ్యాగులు. బరువు కిందకి వస్తుంది కాబట్టి బ్యాలెన్స్ పరంగా ఇదే బెస్ట్. కానీ మూడు చూసుకోవాలి. ఒకటి, సైలెన్సర్. మన కమ్యూటర్ బండ్లలో అది సాధారణంగా కుడివైపు ఉంటుంది. నైలాన్ బ్యాగ్ తగిలితే కరిగిపోతుంది. రెండు, ఇండికేటర్లు, నంబర్ ప్లేట్ కప్పేయకూడదు. మూడు, చక్రం. బ్యాగ్ ఊగి చువ్వల్లోకి వెళ్లకుండా ఎడమవైపు ఆపేది చీర గార్డు. లుక్ బాలేదని దాన్ని పీకేసేవాళ్లు ఉన్నారు. వెనక కూర్చునేవాళ్ల చీర, చున్నీ చక్రంలో పడకుండా సగం చక్రాన్నైనా కప్పే రక్షణ ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనల్లోనే ఉంది. దయచేసి దాన్ని తీయకండి. ఇంట్లో అమ్మో, అక్కో ఎక్కేది ఆ బండే కదా.

టెయిల్ బ్యాగ్, అంటే వెనక సీటు మీద కట్టుకునేది. ఒక్కరే తిరిగేవాళ్లకి, పండక్కి ఊరెళ్లేవాళ్లకి ఇదే నా సలహా. వెనక మనిషి లేనప్పుడు ఆ సీటే అసలైన లగేజ్ ప్లేస్. బరువు వెనక చక్రం కంటే ముందుకే ఉంటుంది. నోరు చుట్టచుట్టి మూసే వాటర్‌ప్రూఫ్ బ్యాగ్ అయితే జోరు వానకి కూడా లోపల పొడిగా ఉంటుంది. పైన తొడిగే రెయిన్ కవర్‌ని మాత్రం పూర్తిగా నమ్మొద్దు, నీళ్లు కింది నుంచి, బెల్టుల పక్కనుంచి వచ్చేస్తాయి.

కట్టడం గురించి చెప్పాలి. సాగే తాడు, చివర కొక్కెం, అందరం వాడతాం. గుంతలో పడ్డప్పుడు తాడు సాగుతుంది, సామాను జరుగుతుంది. కొక్కెం జారి వెనక చక్రంలోనో, చైన్‌లోనో చుట్టుకుంటే చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోతుంది. విప్పేటప్పుడు ఎగిరితే కంటికి తగులుతుంది. సాగని బెల్టులు, బకిల్ ఉన్నవి రెండు కొనుక్కోండి. మిగిలిన కొసలు మడిచి ముడి వేయండి. హ్యాండిల్‌కి కవర్లు తగిలించే అలవాటు ఉంటే ఈ రోజే మానేయండి. ట్యాంక్ మీద 25 కిలోల బస్తా పెట్టినప్పుడు కూడా అంతే, హ్యాండిల్ పూర్తిగా తిరగకపోతే యూటర్న్‌లో పడిపోతాం.

డెలివరీ చేసే తమ్ముళ్లూ, ఇది మీకు. 2020లో కేంద్ర రవాణా శాఖ బైక్ మీద పెట్టే తేలికపాటి కంటైనర్‌కి కొలతలు ఇచ్చింది. పొడవు 550, వెడల్పు 510, ఎత్తు 500 మిల్లీమీటర్లు దాటకూడదు. అది వెనక సీటు మీద ఉంటే బండి మీద నడిపేవాళ్లు ఒక్కరే ఉండాలి.

లగేజ్ పెట్టాక టైర్ గాలి చూడండి. బండి మీద స్టిక్కర్‌లోనో మాన్యువల్‌లోనో వెనక టైర్‌కి రెండు నంబర్లు ఉంటాయి. కొన్ని 100 సీసీ బండ్లలో ఒక్కరే అయితే 28, ఇద్దరైతే 40 పీఎస్ఐ దాకా ఉంటుంది. బరువు పెరిగితే రెండో నంబర్ వైపు వెళ్లాలి. వెనక షాకర్లని ఒకటి రెండు మెట్లు గట్టి చేయించండి. బయల్దేరి ఐదు కిలోమీటర్లు వెళ్లాక ఒకసారి ఆగి, బెల్టులు చేత్తో లాగి చూడండి. మొదట్లో బ్యాగ్ సర్దుకుని బెల్టులు వదులవుతాయి.

సరే, ఫైనల్‌గా ఏది కొనాలి? ఒక్కరే, ల్యాప్‌టాప్ మాత్రమే అయితే మంచి భుజం బ్యాగ్. ఒక్కరే, సామాను ఎక్కువైతే టెయిల్ బ్యాగ్, రెండు బెల్టులు. రోజూ వెనక మనిషి ఉంటే తేలికపాటి శాడిల్ బ్యాగ్, అందులో బరువు రెండు వైపులా సమానంగా. హెల్మెట్ దొంగల భయం, వాన, పార్కింగ్ బయట, ఇవే మీ సమస్యలైతే టాప్ బాక్స్, కానీ అందులో బరువైనవి పెట్టకుండా.

డబ్బులు ఇప్పుడే లేకపోతే ఏమీ కొనొద్దు. మాన్యువల్ తెరిచి ఆ పేలోడ్ నంబర్ చూడండి, మీ ఇంట్లోవాళ్ల బరువు కలపండి. ఆ లెక్క ఫ్రీ. బండి మీ ఒక్కరిదే కావచ్చు, వెనక కూర్చునేవాళ్లు మాత్రం మిమ్మల్ని నమ్మి కూర్చుంటారు. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. హెల్మెట్ బకిల్ పెట్టుకోండి, ఉంటా మరి.