మింగిన మాత్ర లెక్క కంప్యూటర్‌కు తెలుసా?

మాత్ర వేసుకుని గుక్కెడు నీళ్ళు తాగగానే మందు ఒంటికి పట్టేసిందని మీరు అనుకుంటారు. అది ముందు కరగాలి. తర్వాత చిన్నప్రేవుల గోడల గుండా రక్తంలోకి చేరాలి. అక్కడి నుంచి కాలేయం దాన్ని విచ్ఛిన్నం చేస్తూ ఉంటుంది. ఈ రాకపోకల వేగం ఏ ఇద్దరిలోనూ ఒకేలా ఉండదు. మాత్ర తయారీని బట్టి కూడా మారుతుంది.

1968-69లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నగరంలో మూర్ఛవ్యాధికి ఫెనిటాయిన్ వాడుతున్న పలువురికి ఉన్నట్టుండి నడక తూలడం, మాట ముద్దగా రావడం మొదలయ్యాయి. మోతాదు ఎవరూ పెంచలేదు. తీరా చూస్తే, గొట్టం మాత్రలో మందుతోపాటు నింపే పొడి మారింది! కాల్షియం సల్ఫేట్ బదులు లాక్టోజ్ వేశారు. లాక్టోజ్ అంటే పాలలో ఉండే చక్కెరే. దానివల్ల మందు మునుపటికంటే ఎక్కువగా రక్తంలో చేరింది.

ఫెనిటాయిన్‌తో ఇంకో చిక్కు ఉంది. కాలేయం దాన్ని ఒక హద్దు వరకే వదిలించగలదు. రోజుకు 300 మిల్లీగ్రాములు వాడేవారికి 400 ఇస్తే, రక్తంలో మందు మూడోవంతు పెరగడంతో ఆగదు; రెట్టింపు కావచ్చు, ఇంకా మించవచ్చు. సామాన్యంగా మిల్లీలీటరుకు 10 నుంచి 20 మైక్రోగ్రాముల మధ్య ఉంటే మంచిదంటారు.

ఇలాంటి మందులకే కంప్యూటర్ అక్కరకు వస్తుంది. అమెరికాలో లూయిస్ షైనర్, ఆయన సహచరులు 1972లోనే ఇటువంటి పద్ధతిని ప్రకటించారు. ప్రోగ్రాం మీ వయసు, బరువు, మోతాదు తీసుకుని, మీలాంటివారి లెక్కలను బట్టి మొదట ఒక అంచనా వేస్తుంది. రక్తపరీక్ష ఫలితం అందాక ఆ అంచనాను మీకు తగినట్టు దిద్దుకుంటుంది. అనుభవమున్న డాక్టరు మనసులో వేసుకునే లెక్కే ఇది. కాకపోతే యంత్రానికి కూడికల్లో విసుగు రాదు.

అయితే మీరు మాత్ర ఎప్పుడు మింగారో యంత్రానికి ఎలా తెలుస్తుంది? మీరు చెప్పాలి. మొహమాటానికి ‘‘రోజూ వేసుకుంటున్నానండీ’’ అని, రెండు రోజులు మానిన సంగతి దాచారనుకోండి. రక్తంలో మందు తక్కువ కనిపిస్తుంది. మీ శరీరం మందును త్వరగా వదిలించుకుంటోందని కంప్యూటర్ భ్రమపడుతుంది. మోతాదు పెరుగుతుంది. మీరు బుద్ధిగా వేసుకోవడం మొదలుపెట్టగానే బ్రిస్బేన్ వారి అవస్థే మీకూ!

కాబట్టి మాత్ర వేసుకున్న వేళలు కేలండరు మీద రాసుకోండి. మందుల షాపులో వేరే కంపెనీ మాత్ర ఇస్తే డాక్టరుకు చెప్పండి. కడుపుమంటకు వాడే మందుల సంగతీ దాచకండి. సామాన్యంగా తర్వాతి మాత్రకు ముందే రక్తం తీస్తారు. అలవాటు కొద్దీ పొద్దున్నే మాత్ర వేసుకుని వెళ్ళారా? సూది గుచ్చకముందే ఆ మాట, ఆ టైమూ చెప్పండి.