బండిలోనే బస

యాత్ర అనగానే మగవాళ్ళకి దారి గుర్తొస్తుంది, మనకి సామాను గుర్తొస్తుంది. పెద్దవాళ్ళని వెంటబెట్టుకు వెళ్ళాలంటే ఇంకో బెంగ కూడా. రాత్రి ఎక్కడ పడుకోబెట్టాలి, తెల్లవారుజామున బాత్‌రూముకి ఎక్కడికి తీసుకెళ్ళాలి?

మా అత్తయ్యగారికి శ్రీశైలం చూడాలని ఎన్నాళ్ళనుంచో కోరిక. మోకాళ్ళు అరిగిపోయాయి. కింద కూర్చోలేరు, మెట్లెక్కలేరు. పర్వదినాల్లో సత్రంలో గది దొరకడమే గగనం. దొరికినా ఏ మూడో అంతస్తులోనో ఉంటుంది. “నా మూలాన మీరంతా ఆగిపోకండమ్మా, నన్ను ఆడపడుచు ఇంట్లో దింపి వెళ్ళిరండి” అనేవారు. ఆ మాట వినలేకే, మా పాత వ్యానులో పడకా వంటసామానూ అమర్చుకుందామని నేను పట్టుబట్టాను.

ఇదేం కొత్త విషయం కాదు. 1830లో ఏనుగుల వీరాస్వామయ్యగారు మద్రాసు నుంచి కాశీకి పరివారంతో, డేరాలతో బయల్దేరారు. ఏ మజిలీలో నీళ్ళున్నాయో, ఏ ఊళ్ళో సరుకులు దొరుకుతాయో రాసిపెట్టుకున్నారు. అంతదూరం ఎందుకు? కోటప్పకొండ తిరునాళ్ళకి గూడుబండ్లు కట్టుకుని వెళ్ళిన తరం మన ఇళ్ళల్లో ఇంకా ఉంది. అడుగున గడ్డి, పైన బొంత, ఓ మూల అటుకుల మూట. “వెనక బరువైతే కాడి పైకి లేస్తుంది, ముందు బరువైతే ఎడ్ల మెడమీద పడుతుంది” అని అత్తయ్యగారే చెప్పారు. వ్యానుకైనా అదే సూత్రం. బరువైనవి కిందా, మధ్యకీ ఉండాలి. తేలికవి పైనా, వెనకా ఉండొచ్చు.

పెట్టె ఎలా కుదిరిందంటే...

మాది ఐదుగురు కూర్చునే వ్యాను. వెనక సీటు వీపు ముందుకి మడతపడుతుంది. సీటు వెనకాల ఉన్న జాగాలో సరిగ్గా పట్టేట్టు ఒక చెక్కపెట్టె చేయించాం. దాని మూత రెండు మడతలుగా ఉంటుంది. సీటు మడిచి మూత విప్పితే పెట్టె పైభాగం, సీటు వీపు ఒకే ఎత్తుకి వచ్చి మంచమైపోతుంది. అత్తయ్యగారూ, మా అమ్మాయీ అక్కడ పడుకుంటారు. మావారికీ నాకూ పక్కనే చిన్న గుడారం.

వడ్రంగి మొదట అంతా 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్డే వేద్దామన్నాడు. ఎనిమిదడుగులు నాలుగడుగుల షీటు ఒక్కటే ముప్ఫై కిలోలు దాటుతుంది. అందుకని మనిషి బరువు మోసే పైచెక్కకి మందంది వాడి, పక్కలకి 12 మిల్లీమీటర్లది వేయించాను. మూలలు గుండ్రంగా చెక్కించాను. చీకట్లో మోకాలికి తగిలితే ఆ బాధ మనకే కదా!

డిక్కీ తలుపెత్తితే పెట్టెలో వంట అర కనిపిస్తుంది. నడుమెత్తున ఉంటుంది, వంగక్కర్లేదు. ప్రతి డబ్బా మీదా పేరు రాసి అంటించాను. దీనివల్ల ఒక లాభం ఉంది. “ఉప్పెక్కడ?” అని నన్ను కేకెయ్యకుండా మావారు ఉప్మా చెయ్యొచ్చు, చేశారు కూడా. యాత్రకి వెళ్ళి కూడా మనమే పొయ్యి దగ్గర నిలబడితే ఇంట్లో ఉన్నట్టే కదా!

కొన్ని జాగ్రత్తలు

మా వడ్లమూడి సంగం డైరీ ఉన్న ఊరు. పాలక్యాన్లు ఎక్కించేవాళ్ళని గమనించండి. క్యానుకీ క్యానుకీ సందులేకుండా నిలబెట్టి బిగిస్తారు. ఇరవై లీటర్ల నీళ్ళ క్యానంటే ఇరవై కిలోలు. గట్టిగా బ్రేకు పడితే అది వెనకనుంచి ముందు కూర్చున్నవాళ్ళ మీదకి వచ్చిపడుతుంది. అందుకని పెట్టెనీ, క్యానునీ పట్టీలతో కట్టాలి. బండి నడుస్తున్నప్పుడు పడకమీద ఎవర్నీ పడుకోబెట్టకూడదు. సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకోవాల్సిందే.

వంటగ్యాసు గాలికన్నా బరువు. లీకైతే పైకి పోదు, నేలబారున పేరుకుంటుంది. కాబట్టి పొయ్యి ఎప్పుడూ బండి బయటే వెలిగించాలి. చలిగా ఉందని లోపల కుంపటి పెడితే వచ్చే విషవాయువుకి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. అద్దాలు రెండంగుళాలు దించి, దోమతెర గుడ్డ అంటించుకుంటే గాలి ఆడుతుంది.

ఇంకోమాట. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండి రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. అందుకే మా పెట్టెకి బాడీలో ఒక్క మేకు కూడా కొట్టలేదు. ఇద్దరు పట్టుకుంటే దిగిపోతుంది.

ఇక ఆడవాళ్ళు పైకి చెప్పుకోని అవసరం. మడతపడే కమోడు కుర్చీ, మూతున్న బకెట్టు, నాలుగు కర్రలకి కట్టే ముతకచీర తెర. సామాన్లన్నిట్లోకీ ముందు ఎక్కినవి ఇవే. “ఇది ఉందంటే కాశీకైనా వస్తాను” అన్నారు అత్తయ్యగారు.

మొదటి రాత్రి మా పెరట్లోనే పడుకుని చూశాం. తర్వాత సూర్యలంకలో ఒక రాత్రి. ఇసుకలోకి బండి దింపకుండా రోడ్డు పక్కనే ఆపాం. ఆ తర్వాతే శ్రీశైలం. దోర్నాల దాటాక దారి నల్లమల అడవిలో, పులుల అభయారణ్యంలోంచి పోతుంది. రాత్రిపూట గేట్లు మూసేస్తారు, అడవిలో మకాం పెట్టకూడదు. అందుకని ముందే ఒక పెట్రోలు బంకువాళ్ళని అడిగి, దీపాలున్నచోట ఆగాం. అత్తయ్యగారు హాయిగా నిద్రపోయారు. పొద్దున్నే బయల్దేరి మల్లన్ననీ, భ్రమరాంబనీ చూసి వచ్చారు. ఆడపడుచు ఇంట్లో దింపమనే మాట మళ్ళీ ఎత్తలేదు.

మీకూ చేయించుకోవాలనిపిస్తే, వడ్రంగిని పిలిచేముందు మీవాళ్ళందర్నీ బండిలో కూర్చోబెట్టి, పడుకోబెట్టి కొలతలు తీయండి. ఎవరి కాలు ఎక్కడిదాకా చాపగలరో, ఎవరికి రాత్రి ఎన్నిసార్లు లేవాలో మీకు తెలిసినట్టు వడ్రంగికి తెలియదు.