లోపల గార.. గాలిలో గండం
పాత యుద్ధ విమానాల ఇంజిన్‌కు ప్రాణం పోయాలంటే ముందు నీటి దారులు శుభ్రపడాలి

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాయుసేనకు చెందిన కొన్ని స్క్వాడ్రన్లు హైదరాబాదు పేరు పెట్టుకొని ఎగిరాయన్న సంగతి నేడు తెలిసినవారు తక్కువే. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ హయాంలో అందిన విరాళాలకు గుర్తుగా 152వ స్క్వాడ్రన్‌కు ‘హైదరాబాద్’ అని, 253వ స్క్వాడ్రన్‌కు ‘హైదరాబాద్ స్టేట్’ అని నామకరణం చేశారు. 152వ దళం చిహ్నంపై నిజాం తలపాగాయే ఉండేది. 1940లో బ్రిటన్ గగనతలంపై జరిగిన పోరులో మొదటి దళం స్పిట్‌ఫైర్లను, రెండోది హరికేన్లను నడిపింది. ఈ రెండు రకాల విమానాల్లోనూ ఉన్నది ఒకే ఇంజిన్.. రోల్స్‌రాయిస్ మెర్లిన్.

పన్నెండు సిలిండర్లు, 27 లీటర్ల పరిమాణం గల ఈ ఇంజిన్లు బ్రిటన్, అమెరికాల్లో కలిపి సుమారు లక్షన్నర తయారయ్యాయి. మిగిలిన కొద్దిపాటి ఇంజిన్లను ఆ దేశాల్లోని వర్క్‌షాపుల్లో నేటికీ విప్పి, పునర్నిర్మించి ఎగురవేస్తున్నారు. ఈ పనిలో పైకి కనిపించని, అయితే పైలట్ ప్రాణం ఆధారపడిన ఘట్టం ఒకటుంది. అదే ఇంజిన్ లోపల కూలెంట్ ప్రవహించే దారులను శుభ్రపరచడం.

దారి ఎలా సాగుతుంది?

మెర్లిన్‌లో సిలిండర్లు ఆరేసి చొప్పున రెండు వరుసలుగా ఉంటాయి. ఒక్కో వరుసకు ఒక అల్యూమినియం మిశ్రమలోహపు బ్లాకు, అందులో ఉక్కు లైనర్లు అమర్చి ఉంటాయి. లైనర్ వెలుపలి గోడకు, బ్లాకు లోపలి గోడకు మధ్యనున్న సందులో కూలెంట్ తిరుగుతుంది. అక్కడి నుంచి పైనున్న హెడ్‌లోకి చేరి, ఎగ్జాస్ట్ వాల్వులు, స్పార్క్ ప్లగ్గుల చుట్టూ ఇరుకు సందుల్లో ప్రవహించి, రేడియేటర్‌కు వెళ్లి చల్లబడి తిరిగి వస్తుంది. అత్యధిక వేడి పుట్టేది ఎగ్జాస్ట్ వాల్వుల వద్ద. దారి అతి సన్నగా ఉండేదీ అక్కడే. మురికి చేరితే మొదట మూసుకుపోయేదీ ఆ చోటే.

తొలినాటి మెర్లిన్లలో నీటికి బదులు కేవలం ఇథిలీన్ గ్లైకాల్ వాడేవారు. అది సుమారు 197 డిగ్రీల సెల్సియస్ వద్ద గానీ మరగదు. అయితే వేడిని మోసే శక్తి నీటికన్నా తక్కువ. అతుకుల్లోంచి కారే గుణమూ, మండే గుణమూ ఉన్నాయి. అందువల్ల తర్వాతి రకాల్లో 70 శాతం నీరు, 30 శాతం గ్లైకాల్ మిశ్రమాన్ని ఒత్తిడితో నడిపే పద్ధతికి మారారు. వేడిని మోసే పని మెరుగుపడింది గానీ, నీటితోపాటు నీటి కష్టాలూ ఇంజిన్‌లోకి వచ్చాయి.

ఉక్కు, అల్యూమినియం కలిసి తడిస్తే..

రెండు భిన్న లోహాలు ఒకే ద్రవంలో మునిగి ఉంటే అది చిన్నపాటి బ్యాటరీలా పనిచేస్తుంది. మెర్లిన్‌లో ఉక్కు లైనర్ నిలిచి, అల్యూమినియం బ్లాకు కరుగుతుంది. కరిగిన లోహం తెల్లటి జిగటగా మారి మూలల్లో పేరుకుంటుంది. దీనికి లైనర్ల తుప్పు, పాత రబ్బరు సీళ్ల ముక్కలు, కఠిన జలంలోని సున్నపు లవణాలు తోడవుతాయి. బోరు నీరు కాచిన గిన్నె అడుగున తెల్లగా గట్టిపడే గారను చూసిన ప్రతి గృహిణికీ ఈ చివరిది పరిచయమే. ట్రాక్టర్ రేడియేటర్‌లో బోరు నీరు పోసేవారికి ఇంకా బాగా తెలుసు.

గార పొర వేడిని అల్యూమినియంకన్నా ఎన్నో రెట్లు తక్కువగా పోనిస్తుంది. అందుకే గేజీలో ఉష్ణోగ్రత మామూలుగా కనిపిస్తుండగానే హెడ్‌లో ఒకచోట లోహం అతిగా వేడెక్కి పగులు ఇవ్వవచ్చు. ఆ పగులు గుండా కూలెంట్ లోపలికి కారితే ఎగ్జాస్ట్ గొట్టాల నుంచి తెల్లటి పొగ వస్తుంది. మొత్తం పోతే ఇంజిన్ కొద్ది నిమిషాలకు మించి నిలవదు. స్పిట్‌ఫైర్‌కు రెండో ఇంజిన్ లేదు. కారిన ద్రవం ఆగి ఉన్న ఇంజిన్‌లో సిలిండర్‌లోకి చేరితే మరో ముప్పు. ద్రవం గాలిలా అణగదు. స్టార్ట్ చేసిన క్షణాన కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

కడగడంలోనే చిక్కు

లైనర్లు, మూతలు, ప్లగ్గులు అన్నీ తీసివేయనిదే ఈ పని మొదలుకాదు. ముందుగా నూనె జిడ్డు వదలగొట్టాలి. జిడ్డు ఉన్నచోట ఏ రసాయనమూ గారను అంటదు. చేయి అందినంత మేర నైలాన్ బ్రష్షులతో, చెక్క పుల్లలతో గోకుతారు. ఉక్కు బ్రష్షు వాడరు. దాని తునకలు అల్యూమినియంలో గుచ్చుకొని కొత్త తుప్పుకు విత్తనాలవుతాయి.

చేయి అందని చోటికి రసాయనాలే దిక్కు. ఇక్కడే తొందరపాటు కొంప ముంచుతుంది. కాస్టిక్ సోడా మురికితోపాటు అల్యూమినియాన్నే తినేస్తుంది. మరుగుదొడ్లు కడిగే హైడ్రోక్లోరిక్ యాసిడ్ సున్నాన్ని చిటికెలో కరిగిస్తుంది. కానీ లోహంలో గుంటలు చేస్తుంది. ఫాస్ఫారిక్, క్రోమిక్ ఆమ్లాల మిశ్రమం అల్యూమినియం తుప్పును కరిగించి, మంచి లోహం జోలికి అంతగా పోదు. అందుకే చాలాకాలం దీన్నే నమ్ముకున్నారు. అయితే ఇందులోని క్రోమియం క్యాన్సర్ కారకం కావడంతో ఐరోపాలో వాడకంపై కఠిన ఆంక్షలున్నాయి. ఇప్పుడు తేలికపాటి ద్రావణాలు, అల్ట్రాసోనిక్ తొట్టెల వైపు మొగ్గు చూపుతున్నారు. సమయం ఎక్కువ పట్టినా ఇదే మేలు. ఎనిమిది దశాబ్దాల నాటి బ్లాకు పాడైతే బదులు దొరకడం గగనమే.

ఇసుక లేదా గాజు పూసలు గాలితో చిమ్మి తోమే పద్ధతి పైభాగాలకు బాగానే ఉంటుంది. లోపలి దారుల్లో మాత్రం గింజలు మలుపుల్లో ఇరుక్కుంటాయి. ఇంజిన్ తిరిగాక ఒక్కొక్కటిగా ఊడి పంపు సీలును కొరుకుతాయి. ఆయిల్ వైపు చేరితే బేరింగులే పోతాయి. అలా చూస్తే, తోమిన గింజకన్నా తోమని మురికే నయం.

తరువాత ప్రవాహానికి ఎదురు దిశలో నీటిని పంపి కడుగుతారు. ప్రతి రంధ్రం నుంచీ ధార సమంగా వస్తోందా అని గమనిస్తారు. ఒకటి బలహీనంగా ఉంటే మళ్లీ మొదటికే. రసాయనపు జాడ మిగలకుండా ఖనిజాలు తీసివేసిన నీటితో చివరి కడుగు. వేడిగాలితో ఆరబెట్టి, బోరోస్కోప్ అనే సన్నని గొట్టపు కెమెరాను మూలమూలకూ పోనిచ్చి చూస్తారు. గార తొలగాక దాని కింద దాగిన గుంటలు, పగుళ్లు బయటపడటం మామూలే. అప్పటిదాకా కారకుండా ఆపినది ఆ గారేనని తేలే సందర్భాలూ ఉంటాయి.

కొత్త సీళ్లతో లైనర్లు బిగించాక బ్లాకులోకి వేడినీటిని ఒత్తిడితో నింపి పరీక్షిస్తారు. చల్లటి నీటితో చేస్తే చాలదు. అల్యూమినియం వేడికి ఉక్కుకన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది కాబట్టి, చల్లగా ఉన్నప్పుడు పొడిగా కనిపించిన అతుకు వేడెక్కాక చెమ్మగిల్లవచ్చు. ఈ పరీక్ష నెగ్గిన ఇంజిన్‌ను టెస్ట్ స్టాండుపై తొలిసారి నడిపి, కూలెంట్‌ను తెల్లటి గుడ్డ గుండా వడపోసి చూస్తారు. గుడ్డపై రేణువులు తేలితే ఆ కూలెంట్‌ను పారబోసి, మళ్లీ నింపి, మళ్లీ నడుపుతారు.