ఆవుకు ఎంజైమ్ పొడి ఎందుకు? అది ఎలా పనిచేస్తుంది?

"డాక్టరుగారూ, దాణాలో ఎంజైమ్ పొడి కలిపితే పాలు పెరుగుతాయంటున్నారు, నిజమేనా?" పాలకేంద్రాల దగ్గర రైతులు తరచూ అడిగే ప్రశ్న ఇది. నేను ముందు పేడ చూస్తాను. పిడికెడు పేడను జల్లెడలో వేసి నీళ్లు పోసి కడిగితే, మొక్కజొన్న నూకలూ వేలెడేసి గడ్డిపోచలూ తేలాయంటే తిన్నది అరగడం లేదన్నమాట.

గడ్డిలోని పీచును అరిగించే ఎంజైమ్ ఆవు ఒంట్లో తయారుకాదు. ఆ పని పెద్దపొట్టలోని సూక్ష్మజీవులది. వంద లీటర్లకు పైగా పట్టే ఆ పొట్టలో, 39 డిగ్రీల వెచ్చదనంలో, గాలి ఆడని చోట అవి సెల్యులేజ్, జైలనేజ్ వంటి ఎంజైములను వదిలి పీచును విరగ్గొడతాయి. అప్పుడు పుట్టే ఆమ్లాలే ఆవుకు బలం, పాలలో వెన్నకు మూలం.

బజారులో దొరికే పొడిలో ఉండేవీ ముఖ్యంగా ఇవే. అయితే ఎంజైమ్ అంటే ప్రోటీన్. విడిగా పొట్టలోకి వెళ్తే సూక్ష్మజీవులు దాన్నీ దాణాలోని చెక్కను తిన్నట్టే తినేయగలవు. నీళ్లలో కలిపి మేతమీద చల్లితే పోచను పట్టుకుని కాస్త ఎక్కువసేపు నిలుస్తుంది. పరిశోధనల్లో కొన్నిచోట్ల పాలు పెరిగాయి, కొన్నిచోట్ల తేడాయే లేదు. ఇక డబ్బామీద ఫైటేజ్ అని కనిపిస్తే, అది కోళ్లకు బాగా ఉపయోగం. ఆవు పొట్టలో సూక్ష్మజీవులే దాన్ని తయారుచేసుకుంటాయి.

మన దగ్గర అసలు చిక్కు వరిగడ్డితో. అందులో మాంసకృత్తులు 3, 4 శాతమే. సూక్ష్మజీవులు సరిగా పనిచేయాలంటే మేతలో 7 శాతమైనా ఉండాలి. కూలికి అన్నం పెట్టకుండా కొత్త కొడవలి ఇస్తే ఎంత కోత కోస్తాడు? పైగా గడ్డిలో పీచును బిగించి పట్టుకునే లిగ్నిన్‌ను సెల్యులేజ్ ఏమీ చేయలేదు.

అందుకే నేను ముందు యూరియా గడ్డి చేయమంటాను. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా, సుమారు 50 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి, పొరపొరకూ చల్లి, తొక్కి, గాలి చొరకుండా 21 రోజులు కప్పి ఉంచాలి. యూరియాను అమ్మోనియాగా మార్చేదీ ఒక ఎంజైమే. యూరియేజ్ అంటారు. గడ్డిమీది సూక్ష్మజీవుల్లోనే ఉంటుంది, కొనక్కర్లేదు. ఆ అమ్మోనియా లిగ్నిన్ పట్టు సడలించి, సూక్ష్మజీవులకు కావలసిన నత్రజనినీ అందిస్తుంది. పట్టా తీయగానే కళ్లు మండే ఘాటు వస్తుంది. ఆ ఘాటు తగ్గేదాకా ఆరబెట్టి వేయండి. ఆరు నెలల్లోపు దూడలకు మాత్రం వద్దు. యూరియా నీళ్లు పశువు నోటికి అందాయా, ప్రాణమే పోతుంది.

పచ్చిమేత, చెక్క సరిగా అందుతున్నా పొడి వాడి చూడాలనిపిస్తే, ఒకే ఈతకాలంలో ఉన్న రెండు మూడు ఆవులకు మూడు వారాలు వేయండి. మిగతా ఆవులకు మేత మార్చకండి. పూటపూటా పాలు కొలిచి రాయండి, తర్వాత పొడి ఆపి మళ్లీ మూడు వారాలు కొలవండి.