కంపైలరు మారిన వేళ – కనబడని లైబ్రరీ

తెలుగులో స్థిరపడిన దస్తావేజు, హాజరు, ఖరీదు, రాజీనామా వంటి పదాలను అక్షరక్రమంలో కూర్చుటకు మా విద్యార్థులు సి ప్లస్ ప్లస్ భాషలో ఒక చిన్న ప్రోగ్రాము వ్రాశారు. ఉర్దూ, తెలుగు శాఖల వారు కలిసి ఏడాది పాటు సేకరించిన పదాలు ఆ యంత్రంలోనే ఉన్నవి. వేరొక నకలు లేదు. జి.సి.సి. 10 కంపైలరు ఉన్న ఆ లైనక్స్ యంత్రంపై, 2021లో వెలువడిన 11వ కూర్పును అదనంగా నిర్మించి చేర్చారు. కొత్త కంపైలరు ప్రోగ్రామును ఒక్క తప్పు కూడా చూపక స్వీకరించినది. నడపబోగా మాత్రం 'జిలిబ్‌సిఎక్స్ఎక్స్_3.4.29 కనబడలేదు' అని యంత్రం మొరాయించినది. యంత్రాన్నంతా తుడిచి మొదటి నుండి స్థాపిద్దామని కొందరు సిద్ధపడ్డారు. అట్లు చేసి ఉంటే ఏడాది శ్రమ నీటిపాలయ్యేది.

కంపైలరుకు దొరికిన లైబ్రరీ ప్రోగ్రాముకు ఎందుకు దొరకలేదు? మన సందేహమంతా ఈ ప్రశ్నలోనే ఉన్నది.

ఫైళ్లు చదువుట, తెరపై వ్రాయుట వంటి సామాన్య కార్యాలను ప్రతి ప్రోగ్రామూ తనలో మోయదు. వాటిని షేర్డ్ లైబ్రరీలనే ఉమ్మడి ఫైళ్లలో ఉంచుతారు. ప్రోగ్రాము తనకు కావలసిన లైబ్రరీ పేరును మాత్రమే వ్రాసుకొని ఉంటుంది. దానిని వెదకి తెచ్చే బాధ్యత నడిచే సమయాన లోడరుది. కళాశాల గ్రంథాలయంలో కొత్త పుస్తకం బీరువాలో చేరినా, దాని కార్డు పట్టికలో చేరకపోతే అడిగినవారికి దొరకదు. ఇక్కడ జరిగినదీ అదే. కంపైలరుకు తన కొత్త బీరువా తెలుసు; లోడరు మాత్రం పాత పట్టికనే చూస్తున్నది.

ఈ దోషం రెండు రూపాలలో కనబడుతుంది. ఫైలే దొరకకపోవుట మొదటిది. ఫైలు దొరికినా, అందులో కావలసిన కూర్పు లేకపోవుట రెండవది. మాకు ఎదురైనది రెండవది. 'ఎల్‌డిడి' అనే ఆజ్ఞ ఇచ్చి చూడగా, ప్రోగ్రాముకు వ్యవస్థలోని పాత 'లిబ్‌ఎస్‌టిడిసి++.ఎస్ఓ.6' అందుతున్నదని తేలినది. జి.సి.సి. 10 నాటి ఆ ఫైలులో 3.4.28 వరకే గుర్తులు కలవు. అదే పేరు గల కొత్త ఫైలు 'యూఎస్ఆర్/లోకల్/లిబ్64' డైరెక్టరీలో నిశ్చింతగా కూర్చున్నది.

చికిత్స సులభం. 'ఈటీసీ/ఎల్‌డి.ఎస్ఓ.కాన్ఫ్.డి' డైరెక్టరీలో ఒక చిన్న ఫైలు తెరచి, అందులో కొత్త లైబ్రరీ ఉన్న చోటును ఒక పంక్తిగా వ్రాసి, అధికారి హోదాలో 'ఎల్‌డికాన్ఫిగ్' ఆజ్ఞ ఇవ్వవలెను. లోడరు పట్టిక తిరిగి తయారవుతుంది. పిమ్మట ఎల్‌డిడి ద్వారా మరల సరిచూడవలెను. కొత్త ఫైలు పాత గుర్తులన్నిటినీ నిలుపుకొన్నందున, పాత ప్రోగ్రాములకు కూడా దానితో పని సాగుతుంది.

అధికారి హోదా లేనివారు 'ఎల్‌డి_లైబ్రరీ_పాత్' అనే చరరాశిలో ఆ చోటును సూచింపవచ్చును. ఇది పరీక్షకు మంచిది. శాశ్వతంగా ఉంచితే సంబంధం లేని ప్రోగ్రాములను కూడా దారి మళ్లిస్తుంది. కంపైలు చేయునప్పుడే 'ఆర్‌పాత్' ద్వారా చోటును ప్రోగ్రాములో వ్రాయుట మరొక మార్గం. ప్రోగ్రామును వేరొక యంత్రానికి పంపవలసి ఉంటే '-స్టాటిక్-లిబ్‌ఎస్‌టిడిసి++' అనే ఐచ్ఛికంతో ఆ లైబ్రరీని ప్రోగ్రాములోనే కలుపవచ్చును.

ఒక అడ్డదారి గురించి హెచ్చరించుట మా ధర్మం. ఫోర్ట్రాన్ లైబ్రరీ 'లిబ్‌జిఫోర్ట్రాన్' సంఖ్య జి.సి.సి. 6 వరకు 3గా ఉండి, 2017లో వచ్చిన 7వ కూర్పుతో 4, 2018లో వచ్చిన 8వ కూర్పుతో 5 అయినది. పాత ప్రోగ్రాము 3ను అడిగితే, 5కు 3 అని పేరు తగిలించి లంకె వేసేవారున్నారు. పేరులోని ఆ అంకె అలంకారం కాదు, ఒడంబడిక. లోపలి అమరిక పొసగదని తెలుపుటకే అంకెను మార్చారు. ఆ లంకెతో ప్రోగ్రాము నడుమ కూలవచ్చును. అంతకంటె ప్రమాదంగా, తప్పు లెక్కను ఒప్పుగా చూపవచ్చును. పాత లైబ్రరీని కొత్తదాని పక్కనే స్థాపించుట సరైన పద్ధతి. పేర్లు వేరు గనుక రెండూ కలహం లేక ఒకే ఇంట కాపురముంటాయి.

మా విద్యార్థుల ప్రోగ్రాముకు ఒక్క పంక్తి, ఒక్క ఆజ్ఞ సరిపోయినవి. పదాలు ఒక్కటీ పోలేదు. యంత్రం చూపిన తప్పును భయపడక చివరి అక్షరం వరకు చదివినవారికి అందులోనే సగం జవాబు దొరుకుతుంది. మిగిలిన సగం ఓర్పు. కంపైలరు మార్చుటకు ముందు మీ శ్రమఫలానికి ఒక నకలు తీసి ఉంచండని మాత్రం మరీ మరీ చెబుతున్నాము.