గుట్ట చూపించింది నేనే

సంపాదకులు గారు రెండు సంచికల నుంచీ "మీ బోరిగుమ్మ వైపు సంగతులేవైనా రాయండి" అని అడుగుతున్నారు. గుప్తేశ్వరం గుహ గురించో, జయపురం మహారాజా విక్రమదేవవర్మ గారి గురించో రాద్దామని కూర్చున్నాను. కానీ ఏడాదిగా మనసులో మెలిపెడుతున్న సంగతి ఒకటుంది. అది రాస్తేగాని మరొకటి రాసేలా లేదు.

మూడేళ్ళ క్రితం సంక్రాంతికి మా చెల్లెలి కొడుకు హైదరాబాదు నుంచి ముగ్గురు స్నేహితులతో వచ్చాడు. కంప్యూటరు ఉద్యోగం. ఆదివారం వస్తే చాలు, బండరాళ్ళు పట్టుకుని పాకడం వాడి సరదా. "మావయ్యా, మీ దగ్గర మంచి రాళ్ళున్నాయా?" అని అడిగాడు. నేను బి.కాం. చదివినవాణ్ణి, రాళ్ళలో మంచి చెడ్డలు నాకేం తెలుసు? మహిళా సంఘాల అప్పుల పని మీద నేను తరచు వెళ్ళే ఒక ఊరి వెనకాల గుండ్రాళ్ళ గుట్ట ఉంది. తీసుకెళ్ళి చూపించాను. ఊరి పేరు ఇక్కడ రాయను. రాస్తే మళ్ళీ బస్సు వస్తుంది!

నలుగురూ ఇరుకు జోళ్ళు తొడుక్కుని, రాయి కింద పరుపులాంటి మందపాటి దిండ్లు పరిచి, చేతులకు తెల్లపొడి రాసుకుని బల్లుల్లా పాకారు. ఆ పొడి బడిలో బోర్డు మీద రాసే సుద్ద కాదట, మెగ్నీషియం కార్బొనేట్. చెమట పీల్చి పట్టు జారకుండా చూస్తుందట. ఊళ్ళో పిల్లలంతా చుట్టూ చేరారు. ఒక గొర్రెల కాపరి కుర్రాడు ఉత్త కాళ్ళతో ఎదురుగా ఉన్న రాయి ఎక్కేసి పైనుంచి నవ్వాడు. మావాళ్ళు తెల్లబోయారు. మధ్యాహ్నం అందరికీ చోడి అంబలి పోశారు. ఇంటికి వచ్చాక మా ఆవిడతో, "ఇంత మంచి ఆదివారం ఈ మధ్య చూడలేదు" అన్నాను.

ఈ సరదాని చిన్నచూపు చూసే ఉద్దేశం నాకు లేదు. నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆ పిల్లకు 13 ఏళ్ళ 11 నెలలు. ఆమె మొదట రాయి పట్టడం నేర్చుకున్నది మన భువనగిరి కోట కొండ మీదే. ఒకే రాయిగా నిలిచిన ఆ గుట్ట మీద చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు కోట కట్టించాడంటారు. హైదరాబాదు చుట్టూ ఉన్న రాళ్ళు 250 కోట్ల ఏళ్ళ నాటివి. వాటిని క్వారీల నుంచీ, ఇళ్ళ స్థలాల నుంచీ కాపాడడానికి 1996లో ఒక సంఘమే పుట్టింది. రాయి మీద ప్రేమ ఉన్నవాళ్ళే రాయిని కాపాడతారని నేనూ నమ్మాను.

2018లో ఎల్‌టీసీ మీద హంపి వెళ్ళినప్పుడు కూడా ఈ జాతిని చూశాను. వీపుకు ఆ దిండ్లు కట్టుకుని, రాయలవారి ఊళ్ళో, తుంగభద్ర అవతలి ఒడ్డున విరూపాపుర గడ్డిలో రకరకాల దేశాల పిల్లలు. వాళ్ళకోసం, మామూలు యాత్రికుల కోసం అక్కడ వరసగా హోటళ్ళు లేచాయి. వారసత్వ ప్రాంతంలో అనుమతి లేని కట్టడాలని కోర్టు దాకా వెళ్ళి, 2020లో వాటిని కూలగొట్టారు. అప్పుడు ఆ వార్త చదివి పేపరు మడిచి పక్కన పెట్టాను. మనకెందుకులే అనుకున్నాను.

మొన్న కాదు, అటు ముందటి డిసెంబరు. ఆఖరి ఆదివారం పొద్దున్న ఆ ఊరి నుంచి ఫోను. "బాబూ, మీ వాళ్ళు వచ్చారు." మావాళ్ళెవరు? మోటారు సైకిలు వేసుకుని వెళ్ళాను. సాలూరు ఘాటీ ఎక్కి వచ్చిన రెండు పెద్ద బస్సులు, నాలుగు కార్లు. అరవై మందికి పైనే. మా మేనల్లుడు పెట్టిన ఫోటోలు చూసి ఒకరికొకరు చెప్పుకుని వచ్చారట. వాడు మాత్రం ఆ గుంపులో లేడు.

బస్సులు ఎక్కడ ఆపారనుకున్నారు? కళ్ళంలో. వరి కోతలై కుప్పలు వేసి, నూర్పుకి అలికి పెట్టుకున్న కళ్ళంలో. డ్రైవర్లను అని లాభం లేదు, చదునుగా కనిపించింది, ఆపారు. గుట్ట దగ్గర ఒకే రాయి కింద పాతికమంది వరస కట్టి నిలబడి ఉన్నారు. పక్కన పాటల పెట్టె మోగుతోంది. తాగునీటి ఊట దగ్గర ఇద్దరు పళ్ళు తోముకుంటున్నారు. పొదల వెనక సంగతి రాయను, చదువరులు ఊహించుకోగలరు. అన్నిటికన్నా నా గుండె జారింది మరొకచోట. గుట్ట మొదట్లో చెట్టు కింద మూడు రాళ్ళున్నాయి, ఆ ఊరి నిశాణి దేవత. ఆ చెట్టును ఆనుకున్న బండ మీద తెల్లటి చేతి గుర్తులు, కింద దిండు, దిండు మీద జోళ్ళు.

వాళ్ళు చెడ్డపిల్లలు కారు. ఒకమ్మాయి "అంకుల్, ఇది దేవుడని మాకు తెలీదు" అని వెంటనే దిండు లాగేసింది. నిజమే, బోర్డు లేదు, గోపురం లేదు, ఎలా తెలుస్తుంది? నలుగురొచ్చినప్పుడు నేను పక్కనుండి చెప్పాను. అరవై మందికి చెప్పేవాడెవడు?

సోమవారం సంఘం కంతు కట్టడానికి ఆ ఊరి ఆవిడ బ్యాంకుకి వచ్చింది. డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, రసీదు తీసుకుని, వెళ్ళబోతూ దేశియా మాటల్లో అడిగింది, "బాబూ, మీ వాళ్ళు మళ్ళీ ఎప్పుడొస్తారు?" కోపంగా కాదు. వస్తే ఆ రోజుకి ముందుగానే నీళ్ళు పట్టుకుందామని. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో ఆడిటర్ల ముందు కూడా నేనంత తల దించుకోలేదు.

ఆ రాత్రి మేనల్లుడికి ఫోను చేసి కేకలేశాను. వాడూ ఊరుకోలేదు. "ఊళ్ళో రెండు వేలు ఇచ్చారట కదా మావయ్యా!" అన్నాడు. ఇచ్చారు, ఎవరికి? రోడ్డు మీద మొదట కనిపించిన ఒకాయనకి. దానిమీద ఊళ్ళో రెండు జట్లై, వారం రోజులు మాటల్లేవు. "అయితే ఎవర్నీ రానివ్వొద్దంటావా? నలుగురం వచ్చినప్పుడు అంబలి తాగిన ఫోటో నువ్వూ అందరికీ పంపించావు!" అన్నాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేకపోయింది.

తరువాత వాడే కొన్ని సంగతులు చదివి చెప్పాడు. అమెరికాలో టెక్సస్‌లో హ్యూకో ట్యాంక్స్ అని రాళ్ళ గుట్టలున్నాయి. ఆదివాసుల పాత బొమ్మలున్న చోటు. అక్కడి ఒక గుట్ట మీదికి మార్గదర్శి లేకుండా ఒకసారికి 70 మందినే రానిస్తారట. డెవిల్స్ టవర్ అనే మరో కొండ మీద, ఆదివాసుల పూజల నెల అయిన జూన్‌లో ఎక్కవద్దని 1995 నుంచి కోరుతున్నారు. నిషేధం కాదు, మనవి. వినేవాళ్ళు వింటున్నారు, విననివాళ్ళు ఎక్కుతున్నారు. ఆస్ట్రేలియాలో ఉలురు కొండ ఎక్కడం 2019 అక్టోబరు 26న మూసేశారు. మూసేస్తారని తెలిసి ఆఖరి రోజుల్లో జనం చీమల బారులా కట్టారట! మనిషి స్వభావం ఏ దేశంలోనైనా ఒకటే.

ఇంత దూరం పోనక్కర్లేదు. మన పక్క రాయగడ జిల్లాలో నియమగిరి ఉంది. సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్‌లో గ్రామసభల్నే అడగమంటే, 12 ఊళ్ళూ కూర్చుని గని వద్దన్నాయి. అది వేల కోట్ల బాక్సైటు వ్యవహారం, మాది పిల్లల సరదా. పోలిక పెద్దదే, ఒప్పుకుంటాను. కానీ అడగడమనేది ఒకటుందని నాకు తట్టింది అక్కడి నుంచే. నలుగురిని తీసుకెళ్ళిన రోజున నేను ఎవర్నడిగాను? అప్పులిచ్చే ఆఫీసరు వెంట వచ్చిన పిల్లల్ని ఎవరు కాదంటారు?

చైత పరబ్ అయ్యాక మేనల్లుడు ఒక్కడే వచ్చాడు. చెట్టు కింద ఊరి నాయక్, పూజారి జాని, సంఘం ఆడవాళ్ళు కూర్చున్నారు. నేను మాట్లాడకూడదని ముందే అనుకుని వెళ్ళాను, మూడుసార్లు మాట్లాడాను. మగవాళ్ళు డబ్బు సంగతి ఎత్తారు, ఆడవాళ్ళు నీళ్ళ సంగతి ఎత్తారు. ఒక ముసలావిడ అసలెవరూ రావద్దంది. చివరికి తేలిందేమంటే, ఒకసారికి పన్నెండు మంది, ముందు కబురు చెప్పి రావాలి. బండ్లు రోడ్డు మీదే ఆపాలి, నీళ్ళు తామే తెచ్చుకోవాలి. నిశాణి చెట్టు దాపున రాయి ముట్టుకోరాదు. కోతల నెలలో, చైత పరబ్‌కి రానే రాకూడదు. డబ్బు ఎవరి చేతికీ కాదు, సంఘం ఖాతాలో. ముసలావిడ దానికీ ఒప్పుకోలేదు, లేచి వెళ్ళిపోయింది.

మావాడు తన పాత ఫోటోలు తీసేశాడు. అవి అప్పటికే ఎన్ని చేతులు మారాయో! ఈ చలికాలంలో సంక్రాంతి తరవాత మూడు జట్లు కబురు చేసి వచ్చాయి. ఖాతాలో నాలుగు వేల ఐదు వందలు పడింది. నాలుగో జట్టు చెప్పకుండా వచ్చింది, పద్దెనిమిది మంది. సంఘం ఆడవాళ్ళే రోడ్డు మీద నిలబడి ఆరుగుర్ని కార్లోనే కూర్చోబెట్టారట. వంతులవారీగా వెళ్ళారట. ఆ సంగతి చెబుతూ ఆవిడ కౌంటరు దగ్గర పకపకా నవ్వింది.

పోయిన వారం గుట్ట దాకా వెళ్ళొచ్చాను. వానాకాలం గడిచినా నిశాణి పక్క బండ మీద, వాన తగలని పంచ కింద, రెండు తెల్లటి చేతి గుర్తులు ఇంకా ఉన్నాయి. తడిగుడ్డతో తుడుస్తానంటే జాని వద్దన్నాడు. ఆ చోటు మనం తాకేది కాదన్నాడు.